అన్నిటికంటే దూరపు ఇల్లు

బెంగళూరు దారిలోని నరసాపురంలో మా గోదాము తలుపులు తెరిచినప్పుడల్లా ఎండగాలి లోపలికి కొడుతుంది. ఆ మధ్య ఒకరోజు ఆ గాలితో పాటు నీలగిరి ఆకుల వాసన వచ్చింది. సరుకు పంపిణీ లెక్క సగంలో ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. మా సొంతూరు, బంగారు గనుల కేజీఎఫ్‌లో వసంత మేడమ్ ఇంటి వెనుక నీలగిరి చెట్లుండేవి. ఎండాకాలం ఆమె వరండా అంతా ఇదే వాసన.

మేడమ్ మాకు కాలేజీలో గణితం చెప్పేవారు. గనులు అప్పటికే మూతపడ్డాయి. చదువు అయ్యీ కాకముందే బెంగళూరు రైలెక్కాలని మా తొందర. ఆమె మాత్రం బోర్డు మీద మా ఊరినే గీసేవారు. గోదాము ఎక్కడ కట్టాలి, సరుకు ఎంత నిలవ ఉంచాలి, ఏ దారిన పంపాలి, అన్నీ మా వీధులతోనే చెప్పేవారు.

అప్పట్లో ఒక ట్రస్టు, ఊపిరితిత్తులు చెడిపోయిన పాత గని కార్మికులకు మందులు ఉచితంగా ఇచ్చేది. ఒక్క కౌంటరే పెట్టగలమనీ, ఎక్కడ పెట్టాలో చెప్పమనీ మేడమ్‌ను అడిగారు. ఆమె ఆ లెక్క నాకప్పగించారు. అందరి నడకా కలిపి చూస్తే రాబర్ట్‌సన్‌పేట బజారే మేలని తేలింది.

మేడమ్ కాగితం చూసి, "లెక్క సరిగ్గానే ఉండాదమ్మా. కడాకు ఉండే మనిషి యాడ నుంచి రావల్ల? పద, చూసొస్తాము" అన్నారు.

మారికుప్పం అవతల, బస్సు రాని లైన్లలో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసల్లో, చివరి ఇల్లు మునిరత్నం అనే పాత కార్మికుడిది. మాతో పాటు బజారు వైపు నడిచాడు. కొద్ది దూరానికే గోడ పట్టుకొని నిలబడిపోయాడు. "మందు కాడికి పోయేలోపల ఊపిరే అయిపోతాది తల్లీ" అని నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

మరుసటి రోజు ఆమె ప్రశ్ననే మార్చేశారు. సరాసరి దూరం కాదు, అందరికంటే దూరాన ఉన్న మనిషి నడక తగ్గాలి. జవాబు బజారు వదిలి లైన్ల వైపు జరిగింది. ట్రస్టు పెద్దాయన ఒప్పుకోలేదు.

"దీంతో శానామందికి దూరమైతాది కదమ్మా?"

"అయితాదప్పా. బస్సెక్కే ఓపికుండేవాళ్ళకు అయితాది."

కౌంటరు బజార్లోనే పెట్టారు.

మేడమ్ పోట్లాడలేదు. ఆదివారం పూట కౌంటరు నుంచి తెచ్చిన మందుల సంచులతో తనే లైన్లకు బయలుదేరారు. వెంట నేనూ వెళ్ళేదాన్ని. వానలకు దారి పాడవుతుందని ఆమె ముందే ఎక్కువ మందులు తెచ్చి పెట్టుకుంటుంటే, గడువు దాటిపోతాయేమో అన్నాను.

"దాటితే పారేస్తాము. చాలకపోతే? పుస్తకంలో కొరతంటే ఖర్చు. ఈడ కొరతంటే మునిరత్నమప్ప."

తర్వాత నాకు ఈ గోదాములో ఉద్యోగం వచ్చింది. మోకాళ్ళు సహకరించక మేడమ్ ఆదివారాలు ఆగిపోయాయి. మందులు ఇంటికే రావడం అలవాటైన లైన్లలోని ఆడవాళ్ళు వెళ్ళి ట్రస్టు గుమ్మం ముందు కూర్చున్నారు. చివరికి లైన్లలోనే ఒక గదిలో మందులివ్వడం మొదలుపెట్టారు. మునిరత్నం అప్పటికే పోయాడు. గది తెరిచిన కబురు చెప్పడానికి వెళితే, మేడమ్ నా చెయ్యి పట్టుకొని, "ఇంగ కొంచెం ముందే అయింటే..." అని ఆగిపోయారు.

ఇప్పుడు ఆమె కూడా లేరు. మా అధికారులు సరుకు వెళ్ళే సరాసరి దూరం అడుగుతారు, ఇస్తాను. దాని కింద, అన్నిటికంటే దూరాన పడిన ఊరి పేరు కూడా రాస్తాను. ఒక్కోసారి అది చూసి సరుకు బండి దారి మారుస్తారు. చాలాసార్లు చూడరు. ఈసారి ఆ ఊరు నంగలి పక్కన ఒక చిన్న పల్లె. సెలవు రోజున బస్సెక్కి వెళ్ళి, ఆ మట్టిదారి వెంట చివరి ఇంటి దాకా నడిచి వచ్చాను. ఏం చూశానో చెప్పాలని ఉంది. ఆమెకు తప్ప ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.