నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్, అడిగి తెచ్చిన జాకెట్లు

జమ్మికుంటలో మా వీధికి కంప్యూటర్ తెచ్చింది నేనే. అంటే, మొదట తెచ్చిన ముగ్గురిలో నేనొకణ్ణి. అసలు నిజం చెప్పాలంటే, ఆ మూడోవాడు ఆటోలోంచి పెట్టె దింపుతుంటే ఒక పక్క పట్టుకున్నాను. నాకంటూ ల్యాప్‌టాప్ వచ్చింది రిటైరయ్యాకే. అదీ, పొద్దస్తమానం వంటింటి గడపలో నిలబడి కూరలో ఉప్పు గురించి మాట్లాడుతున్నానని నా భార్య కొనిపించింది.

పత్తి మార్కెట్ యార్డు చుట్టూ పొద్దున నడిచే మిత్రులకు నేను రిటైరైన కరెంటు ఇంజనీరుని. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే, నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని. మిత్రులకు కూడా తెలుసేమో. అడగలేదు, అది వాళ్ల మంచితనం.

ల్యాప్‌టాప్‌లో నేను కనిపెట్టిన గొప్ప విద్య హైబర్నేట్. కనిపెట్టానంటే, ఒక వీడియోలో చూశాను. షట్‌డౌన్ చేస్తే అది అన్నీ మూసేసుకుంటుంది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి తెరవాలి. హైబర్నేట్ చేస్తే ఆ క్షణాన తన బుర్రలో ఉన్నదంతా లోపలి డిస్కు మీద రాసిపెట్టుకుని ఆగిపోతుంది. కరెంటు తాగదు, దీపం వెలగదు. బటన్ నొక్కగానే రాసుకున్నది చదువుకుని, ఆపిన చోటు నుంచే నడుస్తుంది. నేను దీన్ని యార్డు చుట్టూ ప్రచారం చేశాను.

"షట్‌డౌన్ అంటే రేపటి మీద నమ్మకం లేనోళ్లు జేసే పని" అన్నాను ఒకరోజు.

"మరి నువ్వు గూడ రాత్రి హైబర్నేటే అయితవా?" అన్నాడొక మిత్రుడు.

"అంతే. పండుకున్నా నాకన్ని యాదుంటయ్."

"గట్లయితే పోయిన వానకాలం నా గొడుగు తీస్కపోయినవ్. యాదున్నదా?"

ఆ రోజు నడక తొందరగా ముగించాను.

మా ఇంటి ముందు గదికి షట్టర్ ఉంది. అందులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకున్న ఒకామె అద్దెకుండేది. సిరిసిల్ల నేతవాళ్ల బిడ్డ. వాళ్ల బాపు జీవితమంతా పవర్‌లూమ్ మీద తెల్లగుడ్డే నేశాడట. అందుకేనేమో ఈమెకు రంగులంటే పిచ్చి. పెళ్లి జాకెట్ల చేతుల మీదికి, వీపు మీదికి డిజైన్లు సొంతంగా గీసేది. గీయడానికి మిషన్ పనికిరాదు, అది పెన్‌డ్రైవ్‌లో ఏముంటే అది కుట్టడమే ఎరుగును. అందుకని మధ్యాహ్నాలు మా వరండాలో కూర్చుని నా ల్యాప్‌టాప్ మీద గీసి, పెన్‌డ్రైవ్‌లో దాచుకునేది. నన్ను పెద్దబాపూ అని, మా ఆవిడను పెద్దవ్వా అని పిలిచేది. నాలుగేళ్ల డిజైన్లన్నీ ఆ వేలెడంత ముక్కలోనే ఉండేవి.

"ఇంకో దాంట్ల గూడ కాపీ పెట్టరాదు పెద్దబాపూ" అని అడిగేది.

"నేనున్నంగ నీకెందుకు బిడ్డా ఫికర్?" అనేవాణ్ణి. కాపీ పెట్టడం నాకు రాక కాదు. తన డిజైన్ల కోసం రోజూ మా వరండాకే రావాలన్న ముసలి దురాశ. అంతే కాదు, పెన్‌డ్రైవ్ వేగం పెరుగుతుందని ఒక సెట్టింగు కూడా మార్చాను. దాని కింద, చెప్పకుండా పీకవద్దని హెచ్చరిక ఉంది. హెచ్చరికలు కొత్తవాళ్ల కోసం రాస్తారని అప్పట్లో నా నమ్మకం.

కరీంనగర్‌లో పెళ్లి బట్టల పెద్ద షాపొకటి ఆమెను శుక్రవారం రమ్మంది. డిజైన్లన్నీ తెచ్చి చూపిస్తే, నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. మిషన్ ఖాళీగా ఉండే నెలలు ఆమెకు ఎట్లా గడిచేవో మాకు తెలుసు.

సోమవారం మధ్యాహ్నం ఆమె డిజైన్లు తెరిచి ఉండగానే మిషన్ దగ్గరికి ఎవరో వస్తే లేచి వెళ్లింది. నేను ఘనంగా హైబర్నేట్ నొక్కి, భోజనం చేసి పడుకున్నాను. ఆమె తిరిగి వచ్చి చూస్తే ల్యాప్‌టాప్ నల్లగా, ఒక్క దీపం లేకుండా ఉంది. బందు అయిందనుకుని పెన్‌డ్రైవ్ తీసుకుంది. హుజూరాబాద్‌లో ఇదే పని చేసే స్నేహితురాలి దగ్గరికి పోయి, అక్కడి కంప్యూటర్‌లో డిజైన్లన్నీ షాపువాళ్లకు చూపేలా వేరువేరు ఫోల్డర్లలో సర్దింది. పాతవి తీసేసింది, కొత్తవి గీసి చేర్చింది. మంగళవారం పొద్దున తెచ్చి నా ల్యాప్‌టాప్‌కు మళ్లీ పెట్టింది.

అప్పుడే మా ఇంటికి నడక మిత్రులిద్దరు వచ్చారు. "సూడుండ్రి, నిన్న ఆపిన కాన్నుంచే లేస్తది" అని బటన్ నొక్కాను.

లేచింది. నిన్న తెరిచిన డిజైనే తెర మీద ఉంది. మిత్రులు తలలూపారు. నేనింకా గొప్పకు పోయి, "సేవ్ గూడ చేస్త సూడు" అని సేవ్ నొక్కాను. వాళ్లు టీ తాగి వెళ్లాక ఆమె వచ్చి ఫోల్డర్లు తెరిచింది. సగం ఫోల్డర్లకు పిచ్చి పేర్లు. తెరిస్తే డిజైన్లు రావు. వచ్చిన ఒకటి రెండు కూడా, నెమలి తల ఒకటైతే తోక ఇంకోటి.

ఆమె అదే ఫోల్డర్ మూసి మళ్లీ తెరిచింది. అది చూడలేక నేనే అన్నాను: "వైరస్ బిడ్డా. హుజూరాబాద్ కంప్యూటర్ల ఉంటది. నేను సూడంగనే పట్టిన."

నా ఎదురుగానే స్నేహితురాలికి ఫోన్ చేసింది. "నీ దాంట్ల వైరస్ ఉన్నదని ముందుగాల చెప్పద్దానే? నా నాలుగేండ్ల పని పాయె!" అవతల నుంచి ఏదో వినిపించింది, తర్వాత ఫోన్ కట్టయింది. కళ్లు తుడుచుకోకుండానే ఆమె షట్టర్‌లోకి పోయి మిషన్ ఆన్ చేసింది.

బుధవారం పెన్‌డ్రైవ్, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని కరీంనగర్ బస్సెక్కాను. అక్కడి కంప్యూటర్ రిపేరు దుకాణంలో కూర్చునే మనిషి మహారాష్ట్ర సరిహద్దున ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. నెరిసిన మీసం, నుదుటి మీదికి నెట్టిన కళ్లద్దాలు. నేను ముందుగానే, కంప్యూటర్లతో నాకు ముప్పై ఏళ్ల పరిచయమని చెప్పాను. ఆయన తెర చూస్తూనే అడిగాడు.

"ల్యాప్‌టాప్ పండుకున్నప్పుడు డ్రైవ్ ఎవలు పీకిండ్రు సార్?"

"అప్పుడది బందయి ఉండె. హుజూరాబాద్‌ల అన్ని సదిరి తెచ్చి, మళ్ల పెట్టినం."

"బందు గాలే. పండుకున్నది. రెండిట్ల మస్తు ఫరకుంది. పండుకునే ముందు, గీ డ్రైవ్ల ఏ డిజైన్ యాడున్నదో అంత యాదికి రాసి పెట్టుకున్నది. మీరు బయటికి తీస్కపోయి మొత్తం సదిరిండ్రు. మళ్ల తెచ్చి పెట్టి లేపిండ్రు. దానికేం ఎరుక? ముందటి లెక్కనే నిజమనుకొని, గా పాతదే కొత్తదాని మీద రాసింది."

"మరి ఏం జెయ్యాల్సి ఉండె?"

"పండవెట్టే ముందు, డ్రైవ్ తీస్తున్ననని దానికి చెప్పి తియ్యాలె. గంతే. ఇగ గీ సెట్టింగు ఎవలు మార్చిండ్రు?"

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆయన మరాఠీలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, కాకపోవడమే మేలయింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టి కొన్ని ఫైళ్లు బయటికి తీశాడు. తెరుచుకున్నవి పదకొండు.

తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇది నాకు తెలియని సంగతా? నా ఉద్యోగమే అది. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. నేను స్విచ్ తీసి, రిజిస్టర్‌లో రాసి, ఎక్కమంటాను. అతను దిగి, "దిగిన" అని తన నోటితో చెప్పేదాకా మళ్లీ స్విచ్ ముట్టను. ఒకసారి మంత్రిగారే ఫోన్ చేసినా ముట్టలేదు. మంత్రిగారు కాదు, మా అల్లుడు. టీవీ రావడం లేదని. అదలా ఉంచండి. లైన్ క్లియర్ విషయంలో మాత్రం పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేనున్నన్ని రోజులు ఏ లైన్‌మన్‌కూ నా వల్ల షాక్ తగల్లేదు. అలాంటివాణ్ణి, ఒకరి చేతిలో ఏముందో అడగకుండా బటన్ నొక్కాను, ఇద్దరు మిత్రులు తలలూపడం కోసం.

బస్సు దిగి నేరుగా షట్టర్ దగ్గరికి పోయాను. మిషన్ నడుస్తోంది. ఆగేదాకా నిలబడ్డాను.

"బిడ్డా, వైరస్ లేదు."

"మరేంది?"

"నేనే."

జరిగిందంతా చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"ఇయ్యాల పొద్దటి సంది." తర్వాత ఇంకో మాట కూడా చెప్పక తప్పలేదు. "కాదు. నిన్ననే అనుమానమొచ్చింది. వైరస్ అన్నప్పుడే."

"కాపీ పెట్టుమని ఎన్నిసార్లడిగిన?"

"మూడుసార్లు."

"లెక్క సక్కగ చెప్పు."

"ఎప్పుడడుగలే నువ్వు? రోజు అడిగినవ్."

ఆమె తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "ముందుగాల దానికి ఫోన్ జెయ్యి. నా నోటితోని తిట్టిన, నీ నోటితోని చెప్పు."

హుజూరాబాద్ ఆమెకు ఫోన్ చేశాను. తప్పు నాదని, కంప్యూటర్ గురించి నాకు తెలిసింది సగమేనని చెప్పాను. "సగమా?" అంది అవతలి గొంతు. "పావు" అన్నాను.

ఇంట్లో మా ఆవిడ మొత్తం విని, అన్నం పెట్టి, అప్పుడు మాట్లాడింది. "డిజైన్లు నీ డబ్బల పోయినయ్. జాకెట్ల మీద పోయినయా? కుట్టిచ్చుకున్నోళ్లంత ఊళ్లెనే ఉన్నరు గద!"

ఈ ఉపాయం నాదేనని తర్వాత యార్డులో చెప్పుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను కదా, వదిలేయండి.

గురువారం పొద్దున మా ఆవిడా నేనూ బయలుదేరాం. మిషన్ ఆమె ఎవరెవరికి ఏం కుట్టిందో గుర్తు తెచ్చుకుని జాబితా రాసి ఇచ్చింది. మొదటి ఇంటి ముందు మా ఆవిడ చెప్పు తెగి వెనకబడింది. నేను ఆగకుండా గేటు తీశాను. పాతికేళ్ల కోడలు వచ్చి నిలబడింది.

"అమ్మా, నీ పెండ్లి జాకెట్టు జర ఇస్తవా? రేపు మాపటికి తెచ్చిస్త."

ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి లోపలికి కేకేసింది. "అత్తా! గీ తాతకు ఏమయిందో వచ్చి సూడు!"

మా ఆవిడ చేతిలో తెగిన చెప్పుతోనే వచ్చింది. "నేనొచ్చేదాంక నోరు తెరువద్దన్ననా లేదా నీకు?" అత్తాకోడళ్లకు సంగతంతా చెప్పి జాకెట్టు తెచ్చింది. ఆ తర్వాత ప్రతి ఇంటి ముందు నా పని రోడ్డు మీద సంచి పట్టుకుని నిలబడటం. చీకటి పడేసరికి రెండు సంచులు నిండాయి. అన్నీ ఇచ్చారు ఆడవాళ్లు. ఒకావిడ మాత్రం, జాకెట్టు ఇస్తా గానీ ముసలాయన చేతికివ్వొద్దని షరతు పెట్టింది.

శుక్రవారం కరీంనగర్ షాపులో ఆమె జాకెట్లన్నీ బల్ల మీద పరిచింది. నేను గుమ్మం దగ్గర సంచుల కాపలా. షాపు యజమానురాలు ఒక్కొక్కటీ తిరగేసి లోపలి వైపు దారం చూసింది.

"మంచిగున్నయమ్మా. డిజైన్లు దేంట్ల దాచినవ్?"

"మా జమ్మికుంట ఆడోళ్ల బీరువాలల్ల" అంది ఆమె. నా వైపు చూడలేదు.

షాపామె నవ్వింది. మొదట ఆరు జాకెట్లు కుట్టి చూపించమని గుడ్డ ఇచ్చింది. యార్డులో నేను అరవై అని చెప్పాను. ఆరే.

జాకెట్లన్నీ ఫోటోలు తీసుకుని, తిరిగి ఇచ్చేశాం. ఆ ఫోటోలు చూస్తూ ఆమె డిజైన్లు మళ్లీ గీస్తోంది, మా వరండాలో కాదు, వాయిదాల మీద కొన్న తన సొంత కంప్యూటర్ మీద. స్నేహితురాలు వచ్చి సాయం చేస్తోంది. ఇద్దరూ మూడు చోట్ల కాపీలు పెడతారు. నాకు గుమ్మం దాకే ప్రవేశం.

ఒకరోజు గుమ్మంలో నిలబడే అడిగాను. "అన్ని దొరికినట్టేనా బిడ్డా?"

"కుట్టినయ్ దొరికినయ్."

"అంటే?"

"ఎవలకు కుట్టనియ్ గూడ ఉండె పెద్దబాపూ. ఊకెనే, నాకోసమని గీసుకున్నయ్. గవ్వి ఎవల జాకెట్టు మీద లేవు."

వాటి కోసం ఏ గేటు తీయాలో, ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. "ఎన్ని ఉండె?" అన్నాను.

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే అంది. "నీకు చెప్ప. చెప్తే ఊరంత ఎక్కువ జేసి చెప్తవ్. అవి ఎన్నున్నయో అన్నే ఉండనీ."