తలుపు పక్కన గోడ

దాన్యూబ్ నది ఒడ్డున రూసే పట్నంలో దొబ్రింకా ఉండే నాలుగంతస్తుల పాత ఇంటిని పడగొట్టి, ఆ చోటే ఇరవై రెండంతస్తుల మేడ కట్టబోతున్నారు. పాత ఇంట్లోవాళ్లందరికీ అందులో ఒక్కో వాటా ఇస్తామన్నారు. మేడ బొమ్మలు గ్రంథాలయం హాల్లో తగిలించి, ఎవరేమనుకుంటున్నారో చెప్పమన్నారు.

జనం చెప్పడానికేం, బోలెడు చెప్పారు. ఫ్రిజ్ నిలబెట్టినట్టుందని ఒకరు, చలికాలానికి మిరపకాయలు కాల్చి దాచుకునే చోటేదని ఒకరు, దాన్యూబ్ గాలికి పై అంతస్తులు ఊగవా అని మరొకరు. మూడో అంతస్తు పొట్టి గంచోకి మాత్రం లిఫ్టు నచ్చింది. అది చెడిపోయిన రోజు తను పైన, పెళ్లాం కింద ఉంటే ఇంకా బాగుంటుందన్నాడు.

దొబ్రింకా వీధి గుమ్మం బొమ్మ దగ్గర నిలబడిపోయింది. నాలుగో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్లు ఆ ఇంటి మెట్లు కడిగిన మనిషి. ఆ ఇంట్లో ఎవరు పోయినా, అక్కడి ఆచారం ప్రకారం వాళ్ల పేరూ ఫోటోవూ వేసిన కాగితం వీధి తలుపుకి అంటించేది ఆమే. నలభయ్యో రోజున, ఆరు నెలలకి, ఆ తర్వాత ఏటేటా మళ్లీ కొత్తది. పాతది తడిపి, జిగురు గీకి, ఫోటోలో ముఖం మీద ముడత పడకుండా అంటించేది. ఒక్క కాగితమూ వంకరపోయింది లేదు. ఆరేళ్లుగా వాటిలో ఆమె భర్త కామెన్‌ది కూడా ఉంటోంది.

బొమ్మలో గుమ్మమంతా అద్దమే.

"పోయినవాళ్ల కాగితం ఎక్కడ అంటించాలి తల్లీ?" అని ఆ బొమ్మలు గీసిన బిలియానాని అడిగింది.

ఆ పిల్ల లోపల టీవీ లాంటి తెర ఒకటి పెడతామనీ, పేర్లు అందులో కనిపిస్తాయనీ చెప్పింది.

"లోపలుండేవాళ్లకి నేనే తలుపు కొట్టి చెబుతానమ్మా. దారిన పోయేవాళ్లకి ఎవరు చెబుతారు? మా ఆయన నలభయ్యో రోజున ఉడికించిన గోధుమలు పంచుతుంటే, ఆయనతో సైన్యంలో ఉన్నతను వచ్చాడు. ముప్పై ఏళ్లుగా జాడ లేని మనిషి. బస్సు దిగి పోతూ తలుపు మీద ఫోటో చూశాడట. కుర్రతనంలో ఆయన పాడేవాడని అతను చెబితేనే నాకు తెలిసింది."

మేడ కట్టించే ఆయన మధ్యలో కలగజేసుకుని, కొత్తగా కొనుక్కునేవాళ్లకి గుమ్మంలోనే చావు కనబడితే బాగుంటుందా అన్నాడు.

"వాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్లే కదా నాయనా," అంది దొబ్రింకా నెమ్మదిగా.

బిలియానా పెన్సిల్ తీసి, ఎంత గోడ కావాలని అడిగింది. బారెడు చాలంది దొబ్రింకా. జిగురు పట్టేలా గరుకుగా ఉండాలి, వాన పడకుండా పైన చూరు ఉండాలి అంటూ, కాగితం ఇంత ఎత్తులో అని చేత్తో తన కళ్ల ఎత్తు చూపించింది. అద్దం పక్కకి జరిగి, బొమ్మలో గోడ లేచింది, దాని మీద కాగితాల ఎత్తుకి ఒక గీత పడింది.

"ఇంకాస్త కిందకి పెట్టించు వదినా. నాకు అందదు," అన్నాడు గంచో వెనకనుంచి.

"చదవడానికొస్తావో, దానిమీదే ఉంటావో ముందు తేల్చుకో."

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా గంచోనే నవ్వాడు. బిలియానా గీత చెరిపి, జానెడు కిందకి దించింది.