శనగ చేలో బాతులు, గట్టు మీద అంజమ్మ

నిరుడు చలికాలం, నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్ర పట్టక బీరంగూడలో మా అద్దె ఇంటి డాబా ఎక్కాను. అప్పుడే తెల్లారుతోంది. తల మీదుగా పక్షుల బారు ఒకటి ఏదో మాట్లాడుకుంటూ పోయింది. తల వెనక రెండు నల్ల పట్టెలుండే ఆ పెద్ద బాతులు హిమాలయాలు దాటి వస్తాయని, హత్నూర వైపు చెరువుల దగ్గర చలికాలమంతా ఉంటాయని తర్వాత తెలిసింది. అవి చేలు మేసినా తరమకుండా ఉంటే ఒక ఊరి రైతులకు ప్రభుత్వం పంట నష్టం కట్టిస్తోందని మా ల్యాబ్‌లో పనిచేసే రమ్య చెప్పింది. మా ఫ్యాక్టరీల పొగకు ఇంత దగ్గరలో, పిట్టల తిండికి సర్కారు డబ్బు కడుతోందంటే భలే ముచ్చటేసింది. ఏడాదంతా ఆ ఊరు నా కళ్లలోనే తిరిగింది.

ఈ డిసెంబరులో ఒక ఆదివారం వీలు చిక్కింది. ఐదింటికల్లా హైవే మీద సంగారెడ్డి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే, మగవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. పటాన్‌చెరు దాటేదాకా కెమికల్ వాసన, ఆ తర్వాత అంతా పొగమంచు. లారీల లైట్లు మంచులోంచి వచ్చి మంచులోకే పోతున్నాయి. నిద్రకీ మెలకువకీ మధ్య ఊగుతూ సంగారెడ్డిలో దిగితే, బస్టాండు బయట ఆటో పెట్టుకున్న ఖాజా భాయ్ రానుపోను ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు.

"చెర్వుకాడ ఏముందమ్మా గింత పొద్దుగాల?" అన్నాడు.

"బాతులు చూడాలి భాయ్."

"బాతుల కోసం గింత కిరాయి పెడుతున్రా? సరే, జెర గట్టిగ పట్టుకోన్రి, రోడ్డు ఖరాబుంది."

చెరువు దగ్గర దిగేసరికి ఆరున్నర దాటింది. ఖాజా భాయ్ దుప్పటి కప్పుకుని ఆటోలోనే కునుకు తీశాడు. నేను శనగ చేల గట్టు పట్టుకుని నడిచాను. శనగాకు మీది మంచు పుల్లగా ఉంటుంది, తడిసిన వేలు నాలుకకు తాకిస్తే నోరూరింది. నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు. ఆ తెలుపులోంచి మెల్లగా గొణుగుడు వినిపించింది, పెళ్లింట్లో పక్క గదిలో ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నట్టు. మంచు కాస్త పలచబడగానే చేలో అవే కనిపించాయి. వంద పైనే ఉంటాయి. బూడిద రంగు ఒళ్లు, తొందర లేని నడక. కదిలితే కల చెదిరిపోతుందేమోనని అక్కడే నిలబడిపోయాను.

గట్టు చివర ఒకామె చద్దరు కప్పుకుని కూర్చుంది. ముందు ఖాళీ నూనె డబ్బా, చేతిలో కట్టె. ఆ చేను ఆమెదే, పేరు అంజమ్మ. పలకరిస్తే పక్కన చోటిచ్చింది.

"నిరుడు పైసలిచ్చిన్రు బిడ్డా. కొట్టొద్దు, అదిలియ్యొద్దు అన్నరు. సలికాలమంత గీడనే కూసోని సూసిన. ఈయేడు నిధులు రాలేదంటున్రు. ఇగ వస్తయో రావో ఎవ్వలు చెప్తలేరు."

"మరి ఏం చేస్తారు?"

"ఏంజేస్త, తరమాలె. గీ ఎకరం శనగలే మాకు. దినాం డబ్బ తెచ్చుకుంటున్న, కూసుంటున్న. చెయ్యి లేస్తలేదు."

అంచున ఉన్న సాళ్లలో అప్పటికే మోడులు మిగిలాయి. ఆమె వాటి వంక చూసి, కట్టె నా వైపు చాచింది. "నువ్వు కొట్టు బిడ్డా. నాకైతే అలవాటయినయి. నీకేముంటది, గిప్పుడే సూస్తున్నవ్."

ఏడాదిగా వీటి కోసమే ఎదురుచూశానని ఆమెకు ఎలా చెప్పను? కోపం వచ్చింది, కానీ ఆమె మీద కాదు. నేను బాతుల్ని చూసి మధ్యాహ్నానికి ఇంటికి పోయి అన్నం తింటాను. ఆమె ఈ చేనుతో ఏడాది గడపాలి. కట్టె అందుకుని డబ్బా మీద కొట్టాను. మొదటి దెబ్బ మెల్లగా పడింది.

"గట్టిగ," అంది అంజమ్మ, మొహం అటు తిప్పుకుని.

గట్టిగా కొట్టాను. అన్నీ ఒక్కసారే లేచాయి. రెక్కల గాలి మా మొహాలకు తగిలింది, వాటి కింద మంచు ఎర్రబడుతోంది. అంత అందమైనది నేనింతవరకు చూడలేదు. చూస్తూ ఏడ్చేశాను. అవి ఒక చుట్టు తిరిగి, రెండు చేల అవతల దిగాయి. కాసేపటికి అక్కడ కూడా డబ్బా మోగింది.

"పెంటయ్య చేను," అంది అంజమ్మ. "నిరుడు ఆయన గుడ మస్తు సూసుకున్నడు వాటిని."

తిరుగుదారిలో ఖాజా భాయ్ "కనబడ్డయా?" అంటే "కనబడ్డాయి" అన్నాను. సర్కారు నిధులంటే నాకు ఇంతకాలం పేపర్లో వచ్చే అంకెలే. అవి ఒక చలికాలం కొందరి చేతుల్ని ఆపాయి, ఆ తీరికలో వాళ్లకు ఆ పక్షుల మీద మనసు పడింది. డబ్బు ఆగిపోయినా ఆ మనసు వెనక్కి రాలేదు, ఇప్పుడు దాని భారం మోసేది అంజమ్మ లాంటి వాళ్లే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి, తెల్లారేసరికి గట్టు మీద ఉండండి, చేలోకి దిగకండి. ఊళ్లోకి రాగానే ఈసారి నిధులు వచ్చాయా అని అడగండి. వచ్చాయంటే దూరం నుంచి చూసి రండి. రాలేదంటే, ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు, చేతులు ఖాళీగా ఉంచుకోండి. ఎవరో ఒకరు మీకు కట్టె అందిస్తారు.