వేమూరులో ఎక్కాల్సిన అమ్మాయి

మా తమ్ముడి కూతురు షారోన్ తన పాటకు వీడియో తీయించుకోవాలని బయల్దేరుతూ నన్ను కూడా రమ్మంది. "పెద్దదిక్కుగా ఉంటావత్తా" అంది. పెద్దదిక్కు అంటే టిఫిన్ డబ్బాలు మోసే మనిషని నాకు తెలుసు. అయినా మా బడికి రెండో శనివారం సెలవు, రేపల్లెలో మా మరదలి చేతి చేపల పులుసు తిని చాలా కాలమైంది. శుక్రవారం అరపూట సెలవు పెట్టి, లెక్కల పేపర్లు దిద్దకుండా అలమరలో పడేసి, మధ్యాహ్నం రెండింటికల్లా తెనాలి స్టేషన్లో ఉన్నాను.

షారోన్ మా చర్చి క్వయర్లో పెరిగిన పిల్ల. డిగ్రీ అయ్యాక తెనాలిలో మా ఇంట్లోనే ఉండి, ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తోంది. ఖాళీ దొరికితే పాటలు కడుతుంది. పోయినేడు ఒకటి నెట్లో పెట్టింది. చూసినవాళ్లలో సగం మంది మా చుట్టాలే. వాళ్లు కూడా పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి పోయినట్టు ఒక లైకు కొట్టి పోయారు. ఈసారి అలా కాకూడదని దాని పట్టుదల. తన ఈడు పిల్లలు, తనకంటే చిన్నవాళ్లు, పాట వింటూ ఒక్క నిమిషం ఆగి తమవాళ్లెవరినో తలుచుకోవాలి. "కిటికీ పక్కన చోటుంది, నువ్వు ఎక్కితే చాలు" అన్నది పల్లవి. అయితే రెండో చరణం వరస దానిది కాదు, రేష్మా అనే పాత స్నేహితురాలు కట్టింది. ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. రేష్మా ఇప్పుడు బాపట్లలో ఉంది. ఆమె సరేనంటేనే పాట బయటికొస్తుందని షారోన్ ముందే తేల్చి చెప్పింది. అందుకని రేపల్లెలో షూటింగు, మర్నాడు బాపట్లలో రేష్మా ఇంటికి వెళ్లడం అని అనుకున్నాం.

మాతో వచ్చిన మూడో మనిషి కెమెరామెన్ చందు. ఈపురుపాలెం అతను, ముప్ఫయ్యేళ్లుంటాయి. పెళ్లిళ్లు తీసి తీసి చేయి తిరిగినవాడు. ఎంతగా తిరిగిందంటే, ఎవరు కనబడినా "గడ్డం కొంచెం పైకెత్తండి, నవ్వండి" అంటాడు. టికెట్ కౌంటర్లో ఉన్నాయనతో కూడా అంటాడేమోనని నేను భయపడ్డాను.

తెనాలి నుంచి రేపల్లెకి బస్సులున్నాయి గానీ నేను రైలే ఎక్కమంటాను. టికెట్ ధర హోటల్ కాఫీ పాటి కూడా ఉండదు, కుదుపులు తక్కువ. మధ్యాహ్నం బండి సగం ఖాళీ. కోసేసిన వరి మళ్లలో మినుము పచ్చగా లేచి ఉంది. జంపనిలో ఒకాయన జామకాయలు అమ్ముతూ ఎక్కాడు. ఉప్పూ కారం అద్దించుకుని తింటూ కూర్చున్నాం. చందు తన ప్రణాళిక చెప్పాడు: పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున సూర్యాస్తమయం, మర్నాడు సూర్యలంక బీచిలో డ్రోన్, రంగుల పొగ, కళ్లలో గ్లిజరిన్. అన్నిటికీ షారోన్ తలూపింది. ఆ ఊపులో ఉత్సాహం లేదని నాకు తెలిసింది. ముప్ఫయ్యేళ్లు పిల్లల తలలు చూసినదాన్ని.

రేపల్లెలో దిగి ఆటోలో పెనుమూడి వెళ్లాం. అక్కడి సూర్యాస్తమయం గురించి నేను చెప్పేదేమీ లేదు, వెళ్లి చూసుకోండి. షారోన్ నీళ్లవైపు చేతులు చాచింది, తిరిగింది, జుట్టు ఎగరేసింది. చందు తాను తెచ్చిన గులాబీ రేకులు నా చేతికిచ్చి పైనుంచి వదలమన్నాడు. వదిలాను. గాలికి అన్నీ వచ్చి నా నెత్తిమీదే పడ్డాయి.

రాత్రి మా తమ్ముడింట్లో చేపల పులుసు నిరాశపరచలేదు. భోజనాలయ్యాక, తీసినదాన్ని పాటతో కలిపి పక్కింటి ఇంటర్ పిల్లలిద్దరికి చూపించాడు చందు. "బాగుందక్కా" అన్నారిద్దరూ, వెంటనే ఎవరి ఫోన్లోకి వాళ్లు వెళ్లిపోయారు. షారోన్ ముఖం చూడలేక నేను లేచి పళ్లేలు తీయబోయాను. అంతలో ఆ పిల్లల్లో ఒకతె, మర్యాదకే అయ్యుండొచ్చు, ఇది ఎవరి గురించక్కా అని అడిగింది.

అప్పుడు చెప్పింది షారోన్. కాలేజీకి మూడేళ్లూ పొద్దుటి బండిలో తెనాలి వెళ్లేది. తాను రేపల్లెలో ముందే ఎక్కి, పక్క సీటు మీద కర్చీఫ్ వేసి ఉంచేది. రేష్మా వేమూరులో ఎక్కి అందులో కూర్చునేది. టిఫిన్ డబ్బా మీద దరువేస్తూ పాటలు కట్టింది అక్కడే. చివరి ఏడాది షారోన్‌కు కాలేజీలో కొత్త స్నేహాలు కలిశాయి. ఒకరోజు బండిలో వాళ్లతో కబుర్లలో పడి కర్చీఫ్ వేయలేదు. సీటు నిండిపోయింది. రేష్మా ఎక్కి, చూసి, తెనాలి దాకా కమ్మీ పట్టుకుని నిలబడింది. మర్నాటి నుంచి వేరే పెట్టెలో ఎక్కింది.

ఆ పిల్లలిద్దరూ ఫోన్లు పక్కన పెట్టేశారు. "అయ్యో, నిలబడే ఉందా?" అంది ఒకతె. చందు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇది ముందే చెప్పాలి గదా షారోనూ. నాతో నీళ్లెందుకు తీయించావు?" అన్నాడు. పొద్దుటి బండిలోనే తీద్దామని, ఇంకేమీ వద్దని, షారోన్ కర్చీఫ్ వేసి కూర్చుంటే చాలని అక్కడికక్కడే తేల్చేశాడు.

ఈ లైనులో కొత్తగా ప్రయాణం చేసేవాళ్లకు ఒక మాట. సీటు మీద కర్చీఫ్ కనబడితే ఆ సీటుకు మనిషి ఉన్నట్టే. రైల్వేవాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ ప్రయాణికులు ఒప్పుకుంటారు. శనివారం పొద్దున ఏడు కొట్టకముందే మేం బండెక్కాం. షారోన్ కిటికీ పక్క సీటు మీద తన నీలం గళ్ల కర్చీఫ్ పరిచి, దాని పక్కన కూర్చుంది. చందు ఎదురుగా ఫోన్ పట్టుకున్నాడు. ఈ రోజుల్లో ఫోన్ పట్టుకున్నవాణ్ని ఎవరు పట్టించుకుంటారు?

పల్లెకోన దాటేసరికే పెట్టె నిండింది. భట్టిప్రోలులో ఒక మామ్మ గోంగూర కట్టల గంపతో ఎక్కింది. తెనాలి మార్కెట్టుకి పోతోందట. గంప దించి, నడుం పట్టుకుని, ఖాళీ సీటు వైపు చూసింది.

"ఎవరికమ్మా ఇది?"

"నా ఫ్రెండుకి మామ్మా. వేమూరులో ఎక్కుద్ది" అంది షారోన్.

ఈ మాట మేం అనుకున్నదాంట్లో లేదు. చందు నావైపు చూశాడు, నేను షారోన్ వైపు చూశాను. నటించి చెప్పిన మాట కాదది, మూడేళ్ల అలవాటు దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. మామ్మ సరేనని తలూపి కమ్మీకి ఆనుకుంది. పెనుమర్రులో ఒకబ్బాయి వచ్చి కూర్చోబోతే మామ్మే ఆపింది, మనిషి వస్తది అని. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఇంతమందిని అబద్ధంలోకి దింపాం, దీన్నుంచి బయటపడేదెలా అని.

వేమూరు దగ్గరపడింది. తలుపు దగ్గర లంచ్ బ్యాగుతో నిలబడ్డ ఒకాయన వెనక్కి తిరిగి, "ఏం డ్రెస్సు వేసుకుద్దమ్మా మీ ఫ్రెండు?" అని అడిగాడు. షారోన్ తెల్ల చున్నీ అంది. ఆయన తల బయటికి పెట్టి ప్లాట్‌ఫారమంతా వెతికాడు. తెల్ల చున్నీతో ఇద్దరమ్మాయిలు ఎక్కితే, సీటు నీకేనా అమ్మా అని ఇద్దర్నీ అడిగాడు. వాళ్లు కాదన్నారు. ఎక్కేవాళ్లకు దారివ్వమని అందర్నీ పక్కకు జరిపాడు. ఆ జరిగిన చోటికి ఎవరూ రాలేదు. బండి కదిలింది. పెట్టెలో సగం మంది షారోన్ వైపు చూశారు.

"వెనక డబ్బాలో ఎక్కుంటదిలే. ఉంచు" అంది మామ్మ.

"రాదు మామ్మా. నువ్వు కూర్చో" అంది షారోన్.

మామ్మ ఒక్క క్షణం దాని ముఖంలోకి చూసింది. కర్చీఫ్‌ను తీసేయలేదు. కిటికీ వైపుకి మెల్లిగా జరిపి, సీటు చివర సగంలో కూర్చుంది. "వస్తే సర్దుకుందాంలే" అంది.

షారోన్ తల వంచుకుని ఏడ్చింది. గ్లిజరిన్ సీసా మూత తీయకుండా చందు సంచిలోనే ఉంది. గడ్డం పైకెత్తమని చందు అనలేదు. నాక్కూడా కళ్లు తడిశాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

తెనాలిలో దిగాక అసలు సంగతి చెప్పి, వీడియోలో కనబడినవాళ్లందర్నీ అనుమతి అడిగాం. లంచ్ బ్యాగు ఆయన, చెబితే ఇంకా బాగా వెతికేవాణ్నిగదండి అన్నాడు. మామ్మ గంప నెత్తికెత్తించుకుంటూ, "బొమ్మ సంగతి నాకెందుకమ్మా. ఆ పిల్ల వస్తదా, రాదా?" అంది. ఆమె మార్కెట్టు వైపు వెళ్లిపోయింది.

స్టేషన్ బయట ఇడ్లీలు తిని, పది దాటాక బాపట్ల వైపు బండి ఎక్కాం. దారంతా చందు పొద్దుటి ముక్కలు పాటకు అతికిస్తూనే ఉన్నాడు. నిడుబ్రోలు దాటేసరికి వీడియో ఒక దారికొచ్చింది. బాపట్లలో దిగేటప్పటికి ఎండ చురుక్కుమంటోంది. రేష్మా పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు రెండో శనివారం కూడా మధ్యాహ్నం దాకా ఉంటుందని, ఆటోలో సూర్యలంక వెళ్లి వేయించిన చేపలతో భోజనం చేశాం. సముద్రం బ్రహ్మాండంగా ఉంది. చందు డ్రోన్ పెట్టె తెరిచి, కాసేపు అలల్ని చూసి, మళ్లీ మూసేశాడు. ఇక్కడ ఎవరి కోసం ఎవరూ ఎదురు చూడట్లేదు మేడమ్ అన్నాడు. అతని మీద నాకు గౌరవం పెరిగింది.

వస్తున్నామని షారోన్ పంపిన మెసేజ్‌ని రేష్మా చూసింది గానీ జవాబివ్వలేదు. ఇంటి గుర్తులు ఫోన్లో చెప్పింది వాళ్ల ఖాలా, అంటే పిన్నమ్మ. వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్లొస్తుంది, రేష్మా ఆమె దగ్గరే ఉంటుంది. మూడున్నరకి వెళ్లేసరికి ఖాలా మమ్మల్ని ఎప్పట్నుంచో ఎరిగినట్టు కుర్చీలు వేసింది. రేష్మా వచ్చి నాకు నమస్తే చెప్పి, షారోన్‌కు కొంచెం దూరంగా కూర్చుంది. చందు ఫోన్ చేతికిచ్చాడు. వేమూరు ప్లాట్‌ఫారం వచ్చినప్పుడు ఆమె బొటనవేలితో వీడియో ఆపింది, మళ్లీ వదిలింది. చివరిదాకా చూసి ఫోన్ తిరిగిచ్చేసింది.

"ఆ రోజు నీ సీటు ఉంచలేదే" అంది షారోన్.

"అయిపోయిందిగా. పాట నీదే, పెట్టుకో" అంది రేష్మా.

అంతే. టీ తాగాం, జీడిపప్పు తిన్నాం, బాపట్లలో ఇంటద్దెల గురించి మాట్లాడుకున్నాం. అడిగింది దొరికింది, వచ్చిన పని మాత్రం కాలేదు. స్టేషన్‌కి వెళ్తూ షారోన్‌తో బాగా వచ్చిందిరా వీడియో అని నేను రెండుసార్లు అన్నాను. రెండోసారి నాకే చప్పగా వినిపించింది.

సాయంత్రం ఆరింటి వేళ చీరాల వైపు నుంచి బండి వస్తోందని చెప్పారు. శనివారం కదా, ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. అప్పుడు కనబడింది రేష్మా, జనాన్ని తోసుకుంటూ, చేతిలో జీడిపప్పు పొట్లంతో. "ఖాలా ఇమ్మంది" అని నా చేతిలో పెట్టింది. ఖాలా ఇంతకుముందే ఒక పొట్లం ఇచ్చింది. ఆ సంగతి నేను ఎత్తలేదు. అంతలో బండి వచ్చేసింది. జనం తలుపుల మీద పడ్డారు. మేమింకా సంచులు వెతుక్కుంటున్నాం, రేష్మా బండి పక్కన పరిగెత్తుతోంది. నెమ్మదించిన ఒక కిటికీ దగ్గర చెయ్యి లోపలికి పెట్టి తన తెల్ల కర్చీఫ్ సీటు మీద వేసింది. "అన్నా, మనిషి వస్తోందండి" అని లోపలున్న ఆయనకు చెప్పింది. ఆయన పక్కకు జరిగాడు.

షారోన్ ఎక్కి వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. తాను ఎక్కని బండిలో సీటు ఆపిన మనిషిని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. రేష్మా కిటికీ ఊచలు పట్టుకుంది.

"రెండో చరణం శ్రుతి ఎక్కువ పెట్టావే. నాకు అందదు" అంది.

నాకు అందదు అంటే తాను పాడుతుందనే కదా. షారోన్‌కు అర్థం కావడానికి నాకంటే ఎక్కువసేపు పట్టింది. అర్థమయ్యాక, తగ్గిస్తానన్నట్టు తలూపింది. బండి కదిలింది. "కర్చీఫ్ తెచ్చివ్వు, మర్చిపోమాక" అని రేష్మా పక్కనే నడుస్తూ, ఆగిపోయి, చెయ్యి ఊపింది. చందు కెమెరా సంచిలోనే ఉంది. తీయలేదేమని తెనాలిలో దిగాక అడిగితే, గుర్తు రాలేదండి మేడమ్ అన్నాడు.

అప్పికట్ల దాకా పెద్దదిక్కు నిలబడే ఉంది. ఆ తర్వాత షారోన్‌కు నేను గుర్తొచ్చాను. కిటికీ వైపుకి ఒదిగి, "రా అత్తా, సర్దుకుందాం" అంది. సగం సీట్లో కూర్చుని, జీడిపప్పు పొట్లం విప్పి, తెనాలి దాకా హాయిగా వచ్చాను. షారోన్ ఆ తెల్ల కర్చీఫ్ ఒళ్లో పెట్టుకుని, రెండో చరణాన్ని తగ్గు శ్రుతిలో మెల్లగా పాడుకుంటూనే ఉంది. ఇన్నేళ్లలో చాలా ఊళ్లు తిరిగాను గానీ, రెండు రోజుల్లో ఇంత తృప్తిగా ఇంటికొచ్చిన ప్రయాణం ఇంకోటి లేదు.

మీలో ఎవరైనా రేపల్లె పొద్దుటి బండి ఎక్కితే, భట్టిప్రోలులో గోంగూర గంపతో ఒక మామ్మ ఎక్కుతుంది. ఆమెకు సీటివ్వండి. ఆ పిల్ల వచ్చిందని చెప్పండి.