ఆల్‌మైటీ సారు

ఇంగ్లీషు మాట ఒకటి నోట్లోంచి ఊడిపడితే చాలు, ఎంత ఉత్త మనిషైనా గొప్పవాడైపోయే కాలం అది. మా ఆయన పోయిన కొత్తలో నయాపూల్ దగ్గరి ఒక సర్కారు ఆఫీసులో కుండలకు నీళ్లు పట్టే పనికి కుదిరాను. రోజు కూలీనే. పెద్దసారు దయ తలిస్తే పర్మనెంటు, లేకపోతే మళ్లీ కిషన్‌బాగ్‌లో ఇంటింటి అంట్లు. హెడ్ గుమాస్తా (మేం చష్మా అన్న అనేవాళ్లం) పొద్దస్తమానం ఆ సారును "ఆల్‌మైటీ సార్" అని పొగిడేవాడు. ఆ మాట చెవిన పడితే సారు పాలు తాగే పిల్లిలా కళ్లు మూసుకునేవాడు.

"గామాటంటే ఏందన్నా?" అని అడిగాను.

"చేతగానిదంటూ ఏం లేనోడన్నట్టు. దేవునికంటరు చెల్లె. నువ్వు గూడ గట్లనే అను, నీ పని అయిపోతది."

నీళ్లు మోస్తూ వల్లించాను. అది నా నాలుక మీద ఎప్పుడు తిరగబడిందో (మా గల్లీలో ఉర్దూ లేకుండా పొద్దు గడవదు కదా), సారుకు ప్రమోషన్ వచ్చి అందరూ మిఠాయి తింటుంటే గ్లాసు అందిస్తూ "ఆల్ మిట్టీ సార్" అన్నాను. అంతా మట్టే సార్, అన్నట్టయింది.

"క్యా మిట్టీ?" అన్నాడు సారు.

చష్మా అన్నకు చెమటలు. "గామెకు నోరు తిరగలే సార్. ఆల్‌మైటీ అంటున్నది. అన్ని మీ చేతుల్నే ఉన్నయని."

"అవ్ సారూ, గదే. మీతోని కానిది లేదంట గద. నా నౌకరి పక్కా జెయ్యరాదు?"

సారు నమిలే లడ్డూ ఆగింది. "అది నా చేతుల లేదమ్మా. పైకెల్లి ఆర్డర్ రావాలె."

"అన్నా, మరి గా పైనోళ్లనే గట్ల పిలవాలె గద?" అని చష్మా అన్నను అడిగాను. ఎగతాళి కాదు, ఒట్టు. నా మొర ఎవరికి పెట్టుకోవాలో తెలియకే అడిగాను. ఆఫీసంతా మిఠాయి గొంతులో అడ్డం పడేలా నవ్వింది.

ఆ వారమే నేను పర్మనెంటయ్యాను. పైనుంచి ఏ ఆర్డరూ రాలేదు. సారు సంతకమే సరిపోయిందట.

ఇప్పుడు పింఛను తింటున్నాను. గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కొంచెం కుళ్లు కూడా. తర్వాత చాలా మాటలకు అర్థాలు నేర్చుకున్నాను గానీ, ఏ సారునూ అంత సూటిగా అడగలేకపోయాను.