కింది కొస

గిన్నె అడుగున మిగిలిన అన్నాన్ని వంటగట్టు దగ్గర నిలబడి తినేయడమనే మహత్తర సంప్రదాయం ఆ ఇంట్లో ఏనాడు మొదలైందో చెప్పగల చరిత్రకారుడు ఇంకా పుట్టలేదు. కంచం పెట్టుకోలేదు కాబట్టి అది భోజనం కాదు. కూర్చోలేదు కాబట్టి తిన్నట్టూ కాదు. అందరూ లేచాక ఇంటాయన గరిటెతో కార్యక్రమానికి శ్రీకారం చుట్టి, పిల్లలు వదిలేసిన రొట్టె ముక్కల మీదుగా సాగి, మీగడ గిన్నె దగ్గర ముగించేవాడు. తిండి పారేయకూడదన్నది ఆయన రాజ్యాంగంలో మొదటి అధికరణం. రెండోది లేదు.

ఆ సంప్రదాయపు ఫలితం ఒకనాడు మెట్ల మలుపులో బయటపడింది.

ఆయన పని ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం. బీరువాను మెట్లెక్కించేటప్పుడు ఒకరు పైకొస, ఒకరు కింది కొస పట్టుకుంటారు. పైనున్నవాడు వెనక్కి నడుస్తూ దారి చెబుతాడు. బరువంతా కిందివాడి మీద వాలుతుంది. పనిలో చేరిన నాటి నుంచీ కింది కొస ఆయనదే. తోటివాళ్లకి ఆయన పేరు కూడా అదే. పైకొస బావమరిదిది.

ఆ రోజు మలుపులో బీరువా తిరిగింది, ఆయన తిరగలేదు. రెయిలింగుకూ బీరువాకూ మధ్య పొట్ట ఇరుక్కుంది.

"బావా, బీరువా పట్టింది. నువ్వే పట్టలేదు," అన్నాడు బావమరిది పైనుంచి.

"నోర్ముయ్. కాస్త నీ వైపు లాగు."

"లాగితే నువ్వూ వస్తావు. నిన్ను ఏ గదిలో పెట్టాలో ఇంటావిణ్ణి అడగనా?"

మర్నాటి నుంచే ఆయన పొట్ట మీద యుద్ధం ప్రకటించాడు. దోసకాయ ముక్కలు, మంచినీళ్లు, పొద్దున్నే పరుగు. అంతే. కొన్నాళ్లకి ప్యాంటు జారడం మొదలైంది. భుజాలు కూడా జారుతున్నాయని ఆయన గమనించలేదు. ఒకరి ఫ్రిజ్ ఎక్కిస్తుండగా చేతులు గజగజ వణికి, దాని మూల మెట్టు అంచుకి కొట్టుకుని సొట్టపడింది.

వాళ్లని పనిలో పెట్టుకున్న సామాను బండి యజమాని సొట్టను చూశాడు, ఆయన్ని చూశాడు. "రేపట్నుంచి నువ్వు పైన పట్టుకో. కింద మీ బావమరిది ఉంటాడు. చలికాలం నాటికి కోలుకుంటే అప్పుడు చూద్దాం."

నిన్నటిదాకా బరువు మోసినవాడు ఇప్పుడు "కొంచెం ఎడమకి... మెట్టుంది, మెట్టు..." అని అరవాలి. సింహాసనం పోయిన రాజులకి కూడా అరిచే పని తప్పేది.

ఆదివారం అక్క వచ్చింది. ఆసుపత్రిలో, ఎముకలు విరిగినవాళ్లకి మళ్లీ కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పేది ఆవిడే. తమ్ముడి జబ్బ నొక్కి చూసి నిట్టూర్చింది.

"బరువు తగ్గావు సరే. కండ కూడా పోగొట్టుకున్నావు కదరా!"

"తగ్గాలనేగా చేసింది?"

"ఇంట్లో చెత్త తీసెయ్యమంటే దూలాలు కూడా పీకేసినట్టుంది నీ పని. ప్రతి పూటా గుడ్డో, చేపో, పప్పో, పెరుగో బాగా తిను. అన్నం కాస్త తగ్గించు. బరువులెత్తు. కంటినిండా నిద్రపో. నెమ్మదిగా తగ్గు."

"రోజంతా బరువులేగా అక్కా ఎత్తేది?"

"అవి ఊళ్లోవాళ్ల బరువులు. ఎంతుంటే అంత ఎత్తుతావు. ఇవి నీవి. వారం వారం కాస్త పెంచుకుంటూ ఎత్తు."

పాత సూట్‌కేసులో ఇసుక సంచులు చేరాయి. దాన్ని గుండెకి హత్తుకుని, బడిలో తప్పించుకున్న గుంజీళ్లన్నీ వడ్డీతో సహా తీయసాగాడు.

"ఏమండీ, ఊరెళ్తున్నారా?" అంది భార్య, పెట్టెను చూసి.

"కండ పెంచుతున్నా."

"పెంచండి. ఆ పెట్టె మాత్రం నా కాలి మీద దించకండి."

పెట్టె సంగతి తేలికే. కష్టమంతా గరిటెతో వచ్చింది. గిన్నె మూత తీసేవాడు, మళ్లీ పెట్టేవాడు. ఆ రెండు పనుల మధ్య ఓ పెద్ద యుద్ధమే జరిగేది. చివరికి భోజనాలు కాగానే మిగిలింది డబ్బాలో సర్ది, మర్నాడు పనికి పట్టుకెళ్లసాగాడు. వారాల తరబడి తూకం ముల్లు అంగుళం కదల్లేదు. బెల్టు మాత్రం ఒక్కో బెజ్జమే లోపలికి జరిగింది. అదే చాలనుకుని పట్టు విడవలేదు.

చలికాలంలో నాలుగో అంతస్తుకి ఒక టేకు బీరువా వచ్చింది. బావమరిది దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు.

"బావా, నా నడుం నా మాట వినట్లేదు. కిందికి నువ్వే రా."

"పడేస్తే?" అన్నాడు యజమాని.

"పడెయ్యను," అన్నాడాయన.

బీరువా కిందుగా వేసిన మోత పట్టీని భుజానికి బిగించి లేపాడు. మొదటి మలుపు. ఊపిరి బిగబట్టాడు, బీరువా తిరిగింది, వెనకే ఆయనా తిరిగాడు. రెండోదీ అంతే. మూడో మలుపు దగ్గర తొడలు మండాయి, చేతులు మాత్రం వణకలేదు. నాలుగో అంతస్తులో బీరువా నాలుగు కాళ్లూ చప్పుడు లేకుండా నేలకి ఆనాయి.

"రేపట్నుంచి కింద నువ్వే," అన్నాడు యజమాని.

పట్టాభిషేకం జరిగినట్టు ఆయన తల వంచాడు. బావమరిది సంతోషంగా పైకొసకి వెళ్లిపోయాడు.

కూలి రెండు కొసలకీ ఒకటే.