ముందుకీ మందుకీ మధ్య ఒక కొమ్ము

ఒక్క కొమ్ము జారితే మనిషి పరువు ఎంత లోతుకు జారుతుందో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఆదోనిలో మా మామ ఇంటి మిద్దె మీద, పట్టపగలు, పెద్దల సమక్షంలో కొలిచి చూసుకున్నాను.

అప్పట్లో నేను హైదరాబాదులో ప్రొటీన్ల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. మరీ పెద్దగా ఊహించుకోకండి. ప్రొటీన్‌ను కలకండ పలుకులా స్ఫటికం కట్టించి దాని మీద ఎక్స్‌రేలు వేయడం, అంతే. ఆ స్ఫటికాలు కొత్త అల్లుళ్లకన్నా సుకుమారం. గది కాస్త వేడెక్కినా అలుగుతాయి. మొదట ఉత్త స్ఫటికానికి ఎక్స్‌రే తీస్తాం. తర్వాత మందు కలిపిన నీళ్లలో నానబెట్టినదానికి తీస్తాం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే తేడా ఒక్కటే మిగులుతుంది. కొత్తగా వచ్చి చేరినది తెరమీద ఆకుపచ్చగా, చోటు వదిలి పోయినది ఎర్రగా కనిపిస్తుంది. పక్కన వెంట్రుక పెడితే ఆదోని కొండంత కనిపించేటంత చిన్న కదలిక కూడా ఇందులో దొరికిపోతుంది.

ఇంత నాజూకు పనికి నేను పెట్టుకున్న ఫైళ్ల పేర్లు చూడండి. మందు వేయకముందు తీసినది 'ముందు'. మందు వేశాక తీసినది 'మందు'. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే రెండింటికీ ఒక్క అక్షరమే తేడా. మాతృభాష మీద మమకారం అని మురిసిపోయాను కూడా.

సెలవులకు మా ఊరు ఎమ్మిగనూరు వచ్చినప్పుడే, నా పరిశోధనకు గైడైన మేడమ్ వీడియోలో మాట్లాడదామన్నారు. పెద్ద ఎక్స్‌రే యంత్రం దగ్గర మా ల్యాబుకు ఆ ఏడాది ఒకటే వంతు దొరికింది. ప్రొటీన్‌కు మందు పట్టిందని చూపిస్తే ఆ వంతు నాది, లేకపోతే ఇంకొకరిది. నా స్ఫటికాలు అప్పటికే వాడుమొహం పెట్టాయి. ఈసారి పోతే మళ్లీ మొదటినుంచి పెంచుకోవాల్సిందే. మా వీధిలో మగ్గాల చప్పుడు తప్ప ఏ సిగ్నలూ అందదు కాబట్టి బస్సెక్కి ఆదోనిలో మా మామ ఇంటికి వచ్చాను.

ఆ మిద్దె గది ఇప్పటికీ కళ్లముందే ఉంది. కింద వంటింట్లోంచి బొరుగుల ఉగ్గాని వాసన. మూలన పత్తి మూటలు. వాటికి ఆనుకుని, కాళ్లు చాపుకుని శెనక్కాయలు ఒలిచే మా అవ్వ. నేను ల్యాప్‌టాప్ తెరిచి, పెళ్లికొడుకులా తల దువ్వుకుని కూర్చున్నాను.

"మేడమ్, అద్భుతం! ప్రొటీన్‌లో మందు కూర్చోవాల్సిన గుంతలో ఇంత పెద్ద ఎర్ర ముద్ద!"

"ఎర్రగానా? అంటే అక్కడున్నదేదో పోయినట్టు కదా శ్రీనివాస్?"

"అవును మేడమ్. మందు రాగానే పారిపోయింది."

"అంతకుముందు ఆ గుంతలో ఏముండేది?"

"ఏమీ లేదు మేడమ్. ఖాళీ."

"ఖాళీగా ఉన్నచోట ఉన్నది ఎక్కడికి పారిపోయిందయ్యా?"

మర్యాదగా అక్కడే ఆగాల్సింది. నేను ఆగలేదు. శూన్యం గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. మేడమ్ నిట్టూర్చారు. "అసలు మందు పట్టనే లేదేమో. ఈసారి వంతు వేరేవాళ్లకు ఇచ్చేద్దాం."

నేను బతిమాలబోతుండగా మా మామ తల కెమెరాలోకి జొరబడింది. ఆయనకు పెద్దకడుబూరు దగ్గర పత్తి చేను ఉంది. మందు అంటే ఆయనకు పురుగులమందే.

"మేడమ్, మా సేన్లో పత్తికీ ఇదే కత. ఎండలో కొడితే మందు పట్టల్యా. సల్లపొద్దున కొట్టమని సెప్పండి మా అల్లునికి."

"ఎవరండీ మీరు?"

"వీని మేనమామను మేడమ్. మందు ఇసయంలో ఏమన్నా సందేహముంటే నన్నడగండి."

శెనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"రేయ్ సీనా, పొద్దున్నే కొడతాండావా మందు?"

"అవ్వా, ఇది తాగే మందు కాదు!"

"తాగేది కాకపోతే పట్టల్యాదని ఆయమ్మ అంత బాదపడతాందేమి?"

నా ఫైళ్ల పేర్లు తెలిసిన మేడమ్ నవ్వు ఆపుకుంటూ అడిగారు. "శ్రీనివాస్, ఒక్క మాట చెప్పు. మందులోంచి ముందును తీశావా, ముందులోంచి మందును తీశావా?"

మామ నా చెవిలో, "ఏమంటాందప్పా ఆయమ్మ?" అన్నాడు. తెరవైపు చూశాను. తీయాల్సినదాన్ని ఉంచి, ఉంచాల్సినదాన్ని తీసేశాను! వచ్చిన మందు పోయినట్టు, దానికి చోటిచ్చి గుంత అంచు నుంచి తప్పుకున్న నీళ్లు వచ్చినట్టు, లోకమంతా తలకిందులు. పేర్లు తారుమారు చేశాను. ఎర్ర ముద్ద ఆకుపచ్చగా మారింది. తల, తోక, అచ్చం మందు అణువు ఆకారమే.

తెర మేడమ్‌కు చూపించి, లేచి గంతేశాను. "మేడమ్, మందు దొరికింది! మొత్తం లోపలికే పోయింది!"

"వంతు నీదే," అన్నారు మేడమ్. వీడియో ఆపేశాక వెనక్కి తిరిగితే అవ్వ కళ్లలో నీళ్లు. మొత్తం లోపలికే పోయిందని మనవడు తన నోటితోనే ఒప్పుకున్నాడు మరి.

"అవ్వా, నా మాట ఇను. ఎక్స్‌రేలు తీసి చూస్తే..."

"అప్పుడే ఎక్స్‌రేల దాకా వచ్చిందా నాయనా!"

మా వైపు తాగుడు మానేవాళ్లు పాండురంగని పేరున తులసిమాల వేసుకుంటారు. మరుసటి రోజు పొద్దున్నే అవ్వ నాకు తలస్నానం చేయించి, మెడలో మాల వేసి, పటం ముందు నిలబెట్టింది. సాక్షి మా మామ. వాదించి లాభం లేదని చేతులు జోడించి, ఇప్పటికీ తప్పని ఆ ఒట్టు గంభీరంగా పెట్టుకున్నాను:

"స్వామీ, ఇంక ఈ జన్మలో నా కంప్యూటర్లో మందు ఉండదు."